బాకీ గొడవల్లో మీడియేషన్: కూర్చోండి, కానీ తేదీలు మరవకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వ్యాపార బాకీలవే. బియ్యం, బత్తాయి, ఇనుప సామాను, పత్తి విత్తనాలు ఇచ్చినవాళ్లు డబ్బు కోసం తిరుగుతున్నారు. కోర్టుకు పోదామంటే ‘ముందు మీడియేషన్’ అంటున్నారట, అంటే ఒక తటస్థ వ్యక్తి సమక్షంలో కూర్చుని రాజీకి ప్రయత్నించడం. అది తప్పనిసరా, ఖర్చెంత, దాని కాగితానికి విలువ ఉంటుందా అన్నవే సందేహాలు. ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఆరింటికి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. హైదరాబాద్‌ల ఒక హోల్‌సేల్ సేటుకు రెండు సీజన్ల నుంచి బియ్యం పంపిస్తున్నం. 11 లోడ్ల మీద 14 లక్షల 60 వేలు ఆగింది. ఇప్పుడు ‘మూడు లోడ్లల్ల నూక ఎక్కువొచ్చింది, కట్ చేసుకోవాలె’ అంటున్నడు. దావా వేద్దామంటే ముందు మీడియేషన్ దరఖాస్తు పెట్టాలని మా లాయర్ అంటున్నడు. మూడు నెలలు దండుగ కాదా? సేటు అసలు రాకపోతే ఏం జేయాలె?

జవాబు: మీ లాయర్ మాట వినండి. వ్యాపారుల మధ్య గొడవ, విలువ 3 లక్షలు లేదా ఆపైన అయితే అది వాణిజ్య వివాదం. వాణిజ్య న్యాయస్థానాల చట్టానికి 2018లో చేర్చిన 12ఎ సెక్షన్ ప్రకారం అలాంటి దావా వేసేముందు మీడియేషన్ ప్రయత్నం జరిగి తీరాలి. మొదట్లో చాలామంది దీన్ని తంతుగా చూసి నేరుగా దావాలు వేశారు. 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరి అని తేల్చింది. ఆ నెల 20 నుంచి ఈ మెట్టు ఎక్కకుండా వేసిన దావాను విచారణ దాకా పోనివ్వకుండా మొదట్లోనే తిరస్కరిస్తారు. మినహాయింపు ఒక్కటే. సరుకు అమ్మేసుకుంటున్నాడనో, ఆస్తులు మళ్లిస్తున్నాడనో కోర్టు నుంచి అత్యవసర ఉత్తర్వు నిజంగా కావలసిన సందర్భం. మీడియేషన్ తప్పించుకోవడానికి ఉత్తుత్తి ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) పిటిషన్ జోడిస్తే చెల్లదని 2023లో సుప్రీంకోర్టే చెప్పింది.

దరఖాస్తు పెట్టవలసింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో. మీరు లోడు ఎత్తింది మీ మిల్లులో, డబ్బు జమ కావలసింది మీ బ్యాంకులో. కాబట్టి నల్లగొండలో పెట్టుకునే వీలుంటుంది. అయితే ముందు మీ ఇన్‌వాయిస్ అడుగున చిన్న అక్షరాలు చదవండి. అకౌంటెంట్లు ఎవరిదో నమూనా దించి ‘సబ్జెక్ట్ టు హైదరాబాద్ జ్యూరిస్‌డిక్షన్’ (గొడవ వస్తే హైదరాబాద్ కోర్టుల్లోనే) అని అచ్చువేయిస్తుంటారు. ఆ లైను ఉంటే మీరు హైదరాబాద్ తిరగాల్సిరావచ్చు.

ఫారం 1 నింపి, వెయ్యి రూపాయల రుసుము కట్టి ఇస్తే సంస్థవారు ఎదుటి పక్షానికి రిజిస్టర్డ్ లేదా స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ నోటీసు పంపిస్తారు. నోటీసు వెలువడిన 10 రోజుల లోపు తేదీ వేస్తారు. పలుకు లేకపోతే ఆఖరి నోటీసు వెళుతుంది. దానికీ రాకపోయినా, వచ్చి ‘నాకొద్దు’ అన్నా ఫారం 3లో ‘నాన్ స్టార్టర్’ రిపోర్టు ఇస్తారు. సేటు రాకపోతే మీకు పోయేది అంతే. ఆ రిపోర్టు జతచేసి దావా వేయవచ్చు. అంటే ‘మూడు నెలలు’ అన్నది అతను వచ్చి కూర్చున్నప్పటి లెక్క. దరఖాస్తు అందిన రోజు నుంచి 3 నెలల్లో ముగించాలి, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో 2 నెలలు.

ఇద్దరూ సరేనంటే మీడియేటర్‌ను కేటాయిస్తారు, అప్పుడు మీడియేషన్ ఫీజు కట్టాలి. 3 నుంచి 10 లక్షల వివాదానికి 15 వేలు, 10 నుంచి 50 లక్షలకు 30 వేలు, కోటి దాకా 40 వేలు, 3 కోట్ల దాకా 50 వేలు, ఆపైన 75 వేలు. ఇది సగం సగం. మీ 14.60 లక్షలకు మీ వంతు 15 వేలు. ఎన్నిసార్లు కూర్చున్నా మళ్లీ అడగరు.

ఇక్కడి మిల్లర్లు ఎక్కువగా దెబ్బతినేది ఫారాల దగ్గర కాదు, లెక్క దగ్గర. ‘మొత్తం 14.60, వడ్డీతో సహా ఇవ్వాలె’ అని కూర్చుంటే మొదటి గంటలోనే నూక మీద పడి మాట తెగుతుంది. లోడ్లవారీగా మూడు గడులు గీసుకుని పోండి. పేచీ లేని లోడ్లు, పేచీ ఉన్న లోడ్లు, వడ్డీ. మీకు పేచీ ఉన్నవి మూడే. మిగతా 8 లోడ్ల డబ్బు ఆపడానికి అతని దగ్గర కారణం లేదు. ముందు దాని మీద తేదీ, మొత్తం రాయించండి. నూక సంగతి తర్వాత.

నూకకు కూడా పద్ధతి ఉంది. లోడు ఎత్తినప్పుడు సీలు వేసిన శాంపిల్ మీ దగ్గర ఉందా? వేబ్రిడ్జి చీటీ, లారీ రశీదు, దించుకున్నట్టు సంతకం, ఆ వారం వాట్సాప్‌లో అతను పంపిన మాటలు, అన్నీ తేదీ వరసన పెట్టండి. సరుకు దించుకుని, సహేతుకమైన సమయంలో వద్దని చెప్పకుండా ఉంచుకున్నా, అమ్ముకున్నా ఒప్పుకున్నట్టేనని వస్తు విక్రయ చట్టం అంటుంది. అప్పుడు ‘ధరలో ఇంత తగ్గించు’ అని అడగగలడు గాని ‘మొత్తం ఇవ్వను’ అనలేడు. నూక ఎంత శాతం పెరిగితే క్వింటాలుకు ఎంత కోత అన్నది మార్కెట్లో తెలిసిన లెక్కే. ఆ మూడు లోడ్లకు మీరే వేసి, అంకె జేబులో పెట్టుకుని పోండి.

మీడియేటర్ తీర్పు చెప్పరు. ముందు ఇద్దరినీ కలిపి, తర్వాత విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. విడిగా చెప్పింది మీ అనుమతి లేకుండా అవతలివారికి చెప్పరు. అక్కడ జరిగిన మాటలు గోప్యం. ‘10 లక్షలకు ఒప్పుకుంటా’ అని మీరన్నా, రేపు కోర్టులో అవతలివాళ్లు దాన్ని వాడుకోలేరు. ఇందులోనే ఒక మెలిక ఉంది. ‘బాకీ ఉన్న మాట నిజమే’ అని సేటు అక్కడ ఒప్పుకున్నా, అది మీకూ సాక్ష్యం కాదు.

ఇక కాలపరిమితి. అమ్మిన సరుకు ధరకు దావా గడువు 3 ఏళ్లు. ఉద్దెర గడువు పెట్టుకుంటే అది ముగిసిన రోజు నుంచి, పెట్టుకోకపోతే సరుకు అందించిన రోజు నుంచి. ‘మాది రన్నింగ్ ఖాతా, ఆఖరి బిల్లు నుంచి లెక్క’ అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ వెసులుబాటు రెండు వైపులా ఇచ్చిపుచ్చుకునే ఖాతాకే. మీరు సరుకిస్తూ, అతను డబ్బిస్తూ పోయే ఖాతాకు అది వర్తించకపోవచ్చు, అప్పుడు ఏ బిల్లు గడువు ఆ బిల్లుదే. మీడియేషన్‌లో గడిచిన కాలాన్ని గడువులోంచి మినహాయిస్తారు. అయినా ఆఖరి వారంలో ఫారం పట్టుకుని పరుగెత్తకండి. మొదటి లోడ్ల గడువు దగ్గరపడితే, ముగియకముందే సేటుతో సంతకం పెట్టిన బాకీ ధ్రువీకరణ తీసుకోండి. సంతకం రోజు నుంచి కొత్తగా 3 ఏళ్లు మొదలవుతాయి.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ నడుపుతున్నాను. ఒక కంపెనీకి ఇనుప ర్యాకులు, ట్రాలీలు చేసి ఇచ్చాను. 6 లక్షలు ఏడాదిగా ఆగాయి. ఫోన్ చేస్తే ‘అకౌంట్స్‌లో ఉంది’ అంటారు. పెద్ద కంపెనీతో మీడియేషన్‌లో నెగ్గగలనా? నాకు ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది.

జవాబు: ఉద్యమ్ అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు. సరుకు ఇవ్వకముందే ఆ సర్టిఫికెట్ వచ్చి ఉంటే మీకు ఇంకో దారి ఉంది, ఈ సందర్భంలో అదే మేలు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొన్నవారు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా డబ్బివ్వాలి. ఆ గడువు 45 రోజులు దాటడానికి వీల్లేదు. ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే ఏడాదికి 18 శాతం, అంటే నెలకు ఒకటిన్నర. మీ 6 లక్షల మీద 12 నెలలకు దాదాపు 1,17,370 రూపాయలు. మీ పర్చేజ్ ఆర్డర్‌లో ‘ఆలస్యానికి వడ్డీ లేదు’ అని ఉన్నా ఈ చట్టమే చెల్లుతుంది.

ఆలస్యపు బాకీల కోసం కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ నడిపే పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే, అది ఇలాంటి బాకీలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. కొన్న కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరున్న చోటి కౌన్సిలే వింటుంది. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే సాక్ష్యాలు విని తేల్చడం. ఇది దావా కాదు కాబట్టి 12ఎ మెట్టు అక్కర్లేదు. కౌన్సిల్ మీ పక్షాన అవార్డు (తీర్పు) ఇస్తే, దాన్ని సవాలు చేయాలంటే కంపెనీ ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి. చిన్నవాడికి అసలు బలం ఇక్కడుంది. ఈ సంగతి తెలిసిన కంపెనీలు చాలావరకు రాజీ దశలోనే దిగివస్తాయి.

రాజీకి కూర్చున్నప్పుడు వాళ్ల అకౌంట్స్ మేనేజర్‌కు నెమ్మదిగా రెండు సంగతులు గుర్తుచేయండి. ఒకటి, ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బివ్వకపోతే వాళ్లు తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. రెండు, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటి ఇచ్చిన సొమ్ము చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలని 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను నిబంధన ఉంది. మీకు కట్టే ఆలస్యపు వడ్డీని అసలు ఖర్చుగానే చూపుకోలేరు. ఇది బెదిరింపు కాదు, వాళ్ల ఆడిటర్ ఎలాగూ అడిగేదే.

జతచేయవలసినవి ఉద్యమ్ సర్టిఫికెట్, పర్చేజ్ ఆర్డర్, ఇన్‌వాయిస్‌లు, వాళ్ల స్టోర్స్ ముద్ర ఉన్న డెలివరీ చలానా. చలానా మీద ముద్ర లేకపోవడమే ఈ కేసులను ఎక్కువగా పాడుచేస్తుంది. ‘వెల్డింగ్ బాగాలేదు’ అని ఇప్పుడు మొదలుపెడితే, సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా ఏమన్నా చెప్పారా అని అడగండి. చెప్పకపోతే అందిన రోజే స్వీకరించినట్టు లెక్క.

రాజీలో ధర తగ్గించడానికి ఒప్పుకుంటే క్రెడిట్ నోట్ (బిల్లు తగ్గించినట్టు ఇచ్చే పత్రం) సంగతి మీ జీఎస్టీ కన్సల్టెంట్‌ను ముందే అడగండి. బిల్లు వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాటితే, తగ్గించిన మొత్తం మీద మీరు కట్టిన పన్ను సర్దుకోలేరు. అంత నష్టమూ మీ తల మీదే.

వ్యాపారులకు ఒక మాట. కొని అమ్మే దుకాణదారులకూ ఉద్యమ్ ఇస్తున్నారు గాని అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల కోసమే. ఈ ఆలస్యపు వడ్డీ, కౌన్సిల్ సదుపాయం వారికి దక్కవు. తయారీ, సేవా సంస్థలకే.

ప్రశ్న: నల్లగొండ నుంచి ఢిల్లీ వ్యాపారికి బత్తాయి లోడ్లు పంపాను. 5 లక్షల 40 వేలకు చెక్కు ఇచ్చాడు, బౌన్సయింది. ‘కేసు పెట్టొద్దు, మీడియేషన్‌లో మాట్లాడుకుందాం, పండగ కాంగనే వస్తా’ అంటున్నాడు. ఆగమంటారా?

జవాబు: మాట్లాడండి, ఆగకండి. 12ఎ కింద మినహాయించేది దావా గడువు ఒక్కటే. చెక్కు కేసు గడియారానికి, అంటే 138 సెక్షన్‌కు, మీడియేషన్‌తో సంబంధం లేదు. అది తన పాటికి తిరుగుతూనే ఉంటుంది.

వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు మీకు మార్చి 4న తెలిపిందనుకుందాం. 30 రోజుల్లో, అంటే ఏప్రిల్ 3 లోపు, డబ్బు అడుగుతూ రాతపూర్వక నోటీసు పంపాలి. అది అతనికి ఏప్రిల్ 10న అందితే, కట్టడానికి 15 రోజులు, ఏప్రిల్ 25 దాకా. కట్టకపోతే అక్కడి నుంచి నెలలో ఫిర్యాదు వేయాలి. మే 25 మీ ఆఖరి రోజు అనుకోండి. ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపి మన్నింపు అడగవచ్చు. నోటీసు ఆలస్యానికి ఆ మన్నింపు లేదు. ‘పండగ కాంగనే’ అన్న మాటకు ఎక్కువమంది పోగొట్టుకునేది ఈ 30 రోజులే. చెక్కు మీద తేదీ నుంచి 3 నెలలు ఇంకా దాటకపోతే మళ్లీ బ్యాంకులో వేయండి. మళ్లీ బౌన్సయితే కొత్తగా 30 రోజులు దొరుకుతాయి.

ఫిర్యాదు కోసం ఢిల్లీ పోనవసరం లేదు. చెక్కు జమకు వేసిన మీ ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ పరిధి కోర్టులోనే. అటు ఫిర్యాదు నడుస్తుండగానే ఇటు సొమ్ము కోసం మీడియేషన్ దరఖాస్తు పెట్టవచ్చు. ఒకటి రెండోదానికి అడ్డు కాదు. చెక్కు కేసును కూడా రాజీ చేసుకోవచ్చు. దాన్ని లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే అక్కడి అవార్డు సివిల్ డిక్రీతో, అంటే అమలు చేయించుకోగల కోర్టు తీర్పుతో సమానం. డబ్బు ఎగ్గొడితే నేరుగా వసూలుకు పోవచ్చు.

రాజీలో పాత చెక్కు వదిలి కొత్త చెక్కులు తీసుకుంటుంటే ఒకటి తెలుసుకుని సంతకం పెట్టండి. కొత్తవి బౌన్సయితే వాటి మీదే కేసు. పాత చెక్కు కేసు, కొత్తవాటి కేసు రెండూ సమాంతరంగా నడపలేరని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఢిల్లీ వ్యాపారితో కొత్త చెక్కులకన్నా, మీడియేషన్ గదిలోనే మొదటి విడత ఆర్టీజీఎస్ వేయించుకుని తర్వాత సంతకం పెట్టడం మంచిది.

ప్రశ్న: మేమిద్దరం తోడల్లుళ్లం. మహబూబ్‌నగర్‌లో హార్డ్‌వేర్ షాపు కలిసి పెట్టినం. పడక విడిపోయినం. కులపెద్దలు, ఇద్దరు వ్యాపారులు కూర్చుని 22 లక్షలు నాకు ఇచ్చేటట్టు తేల్చి 100 రూపాయల బాండు పేపర్ మీద రాసి, సాక్షి సంతకాలు పెట్టిన్రు. 8 లక్షలు ఇచ్చిండు, ఇప్పుడు ఎగబెడుతున్నడు. ఆ కాగితం పట్టుకుని షాపు జప్తు చేయించొచ్చా?

జవాబు: చేయించలేరు. బాండు పేపర్ మీద రాస్తే బలం వస్తుందని మన దగ్గర గట్టి నమ్మకం. స్టాంపు అంటే ప్రభుత్వానికి కట్టిన సుంకం, అంతే. కోర్టు ముద్ర కాదు. మీ కాగితం ఒప్పందం, మంచి సాక్ష్యం కూడా. కానీ డిక్రీ కాదు. జప్తు కావాలంటే ముందు దావా వేసి గెలవాలి. మిగిలింది 14 లక్షలు, భాగస్వామ్య గొడవ కూడా వాణిజ్య వివాదమే. కాబట్టి మీరూ 12ఎ దారిలోకి వచ్చేస్తారు. (పెద్దల నిర్ణయానికి కట్టుబడతామని కూర్చోకముందే ఇద్దరూ రాసి సంతకం పెట్టి ఉంటే సంగతి వేరు, అది ఆర్బిట్రేషన్ కిందికి రావచ్చు. అలాంటి కాగితం ఉంటే లాయర్‌కు చూపండి.)

పెద్దల పంచాయితీని తీసిపారేయనక్కర్లేదు. అసలు బేరం అక్కడే అయిపోయింది. లేనిదల్లా దానికి చట్టం దన్ను. మీ తోడల్లుడు కాస్తయినా మెత్తబడితే ఆ 14 లక్షల లెక్కనే మీడియేషన్‌లో పెట్టి ఫారం 4లో సెటిల్‌మెంట్‌గా రాయించండి. ఇద్దరూ, మీడియేటరూ సంతకం చేశాక దానికి ఆర్బిట్రేషన్ అవార్డు హోదా వస్తుంది, డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. రెండో దారి లోక్ అదాలత్. కేసు లేకుండానే అర్జీ ఇవ్వవచ్చు, రుసుము లేదు, అవార్డు మీద అప్పీలు లేదు. ఇద్దరికీ అంకె మీద పేచీ లేకపోతే ఇదే చవక. అంకె మీదే పేచీ ఉంటే లోక్ అదాలత్ హడావుడిలో తేలదు, మీడియేటర్ ముందు తీరికగా కూర్చోవలసిందే.

మీ ఫర్మ్ రిజిస్టర్ అయ్యిందా? కాకపోతే భాగస్వామ్య ఒప్పందం కింది హక్కుల కోసం భాగస్తుడి మీద దావా వేయడానికి భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ అడ్డొస్తుంది. ఫర్మ్ రద్దు, లెక్కల తేల్పు కోసమైతే వేయవచ్చు. రాజీ కుదిరితే ఈ తలనొప్పి రాదు. మీలాంటి వాళ్లు కాస్త తగ్గి అయినా ఒప్పుకోవడానికి ఇదో కారణం.

పెద్దలు రాసిన కాగితంలో సాధారణంగా ఉండనిది, మీరు కొత్త సెటిల్‌మెంట్‌లో తప్పక రాయించవలసింది బ్యాంకు సంగతి. షాపుకు సీసీ (క్యాష్ క్రెడిట్) లోన్ ఉండి, మీరు గ్యారంటీ సంతకం పెట్టి ఉంటే, విడిపోయినంత మాత్రాన ఆ గ్యారంటీ పోదు. మీ ఇద్దరి ఒప్పందం బ్యాంకును కట్టదు. ‘ఫలానా తేదీలోగా బ్యాంకు నుంచి నా పేరు తొలగించిన లేఖ తెచ్చివ్వాలి’ అని షరతు పెట్టండి. మీరు తప్పుకున్నట్టు గెజిట్‌లోనూ, ఇక్కడి తెలుగు పత్రికలోనూ ప్రకటన ఇవ్వాలి, ఫర్మ్ రిజిస్టర్ అయి ఉంటే రిజిస్ట్రార్‌కూ తెలపాలి. అప్పటిదాకా షాపు పేరు మీద అతను తెచ్చే ఉద్దెరకు మీరూ జవాబుదారే. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో పేరు మార్పించండి.

ప్రశ్న: గద్వాల ప్రాంతంలో పత్తి విత్తన ఆర్గనైజర్‌ని. జీవోటీ (విత్తనాన్ని పెంచి చూసే స్వచ్ఛత పరీక్ష) ఫెయిల్ అని కంపెనీ 18 లక్షలు ఆపింది. అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ అని ఉంది. మీడియేషన్, ఆర్బిట్రేషన్ ఒకటేనా?

జవాబు: కాదు. ఆర్బిట్రేటర్ తీర్పరి, సాక్ష్యాలు విని అవార్డు ఇస్తారు, మీకు నచ్చినా నచ్చకపోయినా. మీడియేటర్ మీరిద్దరూ ఒప్పుకుంటేనే రాస్తారు. రెంటినీ ‘మధ్యవర్తిత్వం’ అనే అనువదించడం వల్ల ఈ గందరగోళం. అగ్రిమెంట్‌లో ఆ క్లాజు ఉండగా మీరు దావా వేస్తే, కంపెనీ మొదటి వాయిదాలోనే దాన్ని చూపించి ఆర్బిట్రేషన్‌కు లాగుతుంది. కాబట్టి ఆర్బిట్రేషన్ కోరుతూ నోటీసు ఇవ్వండి. అదే ఉత్తరంలో ముందు కూర్చుని మాట్లాడదామని అడగండి. కూర్చునేటప్పుడు జీవోటీ రిపోర్టు కాపీ, శాంపిల్ ఏ తేదీన ఎవరి ఎదుట తీశారు, మిగిలిన శాంపిల్ సీలుతో ఎక్కడుంది అన్నవి రాతపూర్వకంగా కోరండి. శాంపిల్ మిగిలి ఉంటే ఇద్దరికీ నచ్చిన మూడో చోట మళ్లీ పరీక్ష అన్నది చాలా గొడవలకు తేలికైన మందు. మీరు చేసుకున్న రాజీ మీ కింది రైతులను కట్టదు. వాళ్లకు ఇవ్వవలసింది లెక్కలోకి తీసుకోకుండా తగ్గించుకుంటే తేడా మీ జేబులోంచే పోతుంది.

ప్రశ్న: మీడియేషన్‌లో ఐదు కిస్తీలకు ఒప్పుకున్నాం. రెండు కట్టి మూడోది ఆపేశాడు. మళ్లీ మొదటి నుంచి దావా వేయాలా? (సూర్యాపేట, కోదాడల నుంచి ఇద్దరు ఇదే అడిగారు.)

జవాబు: న్యాయ సేవాధికార సంస్థ ద్వారా 12ఎ కింద ఫారం 4లో రాసుకున్నదైతే దావా అక్కర్లేదు. నేరుగా ఈపీ, అంటే అమలు పిటిషన్ వేయండి. డిక్రీ అమలుకు 12 ఏళ్ల గడువుంది. కానీ అంతకాలం ఆస్తి అతని పేరున ఉండదు కనుక త్వరపడండి. ఆస్తి ఉన్న ఊరి కోర్టులో వేస్తే తిరుగుడు తగ్గుతుంది. టైపు సెంటర్లో మీలో మీరు రాసుకున్నదైతే పైన తోడల్లుళ్ల కాగితం గతే.

అయితే ఎంతకు ఈపీ వేయాలన్నది మీ కాగితంలో ఏం రాశారన్న దాని మీద ఉంటుంది. ‘ఐదు కిస్తీల్లో 10 లక్షలు కట్టాలి’ అని మాత్రమే ఉంటే, ఆగిన కిస్తీకి మాత్రమే పోగలరు, మిగతావి తేదీ వచ్చాకనే. కొత్తగా రాసుకునేవారు ఇలా రాయించండి: ‘ఏ ఒక్క కిస్తీ అయినా గడువు దాటి 7 రోజుల్లో కట్టకపోతే మిగిలిన మొత్తం ఒకేసారి, గడువు దాటిన రోజు నుంచి ఏడాదికి ఇంత శాతం వడ్డీతో చెల్లించాలి.’ 14 లక్షల బాకీని 10కి తగ్గించి ఉంటే ఇంకో వాక్యం: ‘మొత్తం బాకీ 14 లక్షలని ఇద్దరూ ఒప్పుకున్నారు. కిస్తీలన్నీ సకాలంలో కడితేనే 4 లక్షల తగ్గింపు.’ ఈ వాక్యం లేకపోతే ఎగ్గొట్టినవాడికీ తగ్గింపు మిగులుతుంది.

కిస్తీకి తేదీ రాయండి, ‘పంట రాగానే’, ‘సీజన్‌లో’ అని రాయకండి. ఏ ఖాతాలో జమ కావాలో నంబరుతో సహా రాయండి. చేతికి ఇచ్చాననే వాదన అక్కడే ఆగిపోతుంది. సంతకం పెట్టేది యజమానేనా? ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే బోర్డు తీర్మానం కాపీ, ఫర్మ్ అయితే భాగస్తులందరి సంతకాలు లేదా రాతపూర్వక అధికారం అడగండి. గుమాస్తాను పంపి, తర్వాత ‘అతనికి అధికారం లేదు’ అనడం పాత ఎత్తు. స్థలమో గోదామో చేతులు మారే షరతు ఉంటే స్టాంపు, రిజిస్ట్రేషన్ ఎవరు భరిస్తారో అందులోనే తేల్చండి. చెక్కు కేసు ఉంటే దాన్ని ఎప్పుడు, ఎన్నో కిస్తీ అందాక ఉపసంహరించుకుంటారో కూడా. మొదటి కిస్తీకే కేసు వాపసు తీసుకుని మోసపోయినవాళ్లు కొందరున్నారు.

కాగితం ఇంగ్లిష్‌లో తయారైతే ప్రతి క్లాజూ తెలుగులో చదివి చెప్పమని మీడియేటర్‌ను అడగండి, చెబుతారు. అంకెలు అక్షరాల్లో కూడా రాయించి, ప్రతి పేజీ కింద ఇద్దరి సంతకాలు చూసుకుని, మీ కాపీ తీసుకున్నాకే గది దాటండి.